నీటికి దారి, ఇసుకకి తీగ

(మడ అడవులు, ఇసుక దిబ్బలు బాగుచేసే పనికి పేర్లు ఇచ్చిన డిగ్రీ విద్యార్థులతో కాకినాడలో ఒక జనవరి సాయంత్రం మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఈ సీసా ఒకసారి చూడండి. ముందు వరసలో వాళ్లు మూత తీసి వాసన చూసి వెనక్కి పంపించండి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, కంగారు పడకండి. కోరింగ మడ అడవి వైపు ఒక ఉప్పు పర్రలోంచి, అంటే చెట్టు లేని ఉప్పు నేలలోంచి, నిన్న పొద్దున్నే తెచ్చిన బురద ఇది. మడ బురదకి ఎక్కడైనా కొంచెం ఈ వాసన ఉంటుంది. కానీ నీళ్లు వచ్చి, మళ్లీ పోకుండా నిలిచిపోయిన చోట ఇంత ఘాటుగా ఉంటుంది. ఆ నేలకి ఊపిరి ఆడటం లేదన్నమాట.

మీరు నింపిన ఫారాలు నిన్న రాత్రి కూర్చుని అన్నీ చదివాను. 'ఎందుకు చేరుతున్నారు' అన్న ప్రశ్న కింద దాదాపు అందరూ 'మొక్కలు నాటడానికి' అని రాశారు. మంచి మనసుతోనే రాశారు. కానీ ఈ సీసాలో ఉన్న నేలకి ఇప్పుడు కావలసింది మొక్క కాదు. నీళ్లు లోపలికి రావడానికీ, వచ్చిన నీళ్లు బయటికి పోవడానికీ దారి కావాలి. ఈ సాయంత్రం మీతో చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదు. రెండు వేల మొక్కలు చంపుకున్నాక తెలిసింది.

పదిహేనేళ్ల కిందటి మాట. జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం. రెండు బస్సుల నిండా పిల్లల్ని తీసుకుని ఒక ఏటి మొగ దగ్గరికి వెళ్లాం. నీళ్లు వెనక్కి తగ్గే ఆటు వేళ బురద మేట బయటపడి ఉంది. నున్నగా, ఖాళీగా, ఎంత బాగుందో. అక్కడ వరసలు కట్టి ఉప్పు పొన్న మొలకలు గుచ్చాం. మీకు తెలుసుగా, పొన్న విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మునక్కాయలా వేలాడుతుంది. దాన్ని తీసుకెళ్లి బురదలో గుచ్చితే చాలు అనుకున్నాం. ఫొటోలు దిగాం. అందరం ఇంటికి వెళ్లిపోయాం.

మరుసటి ఏడాది మార్చిలో వెళ్లి చూశాను. ఒక్కటి లేదు. కొన్ని పుల్లలు మాత్రం నిలబడి ఉన్నాయి, వాటి నిండా గవ్వల్లాంటి తెల్లటి పెంకులు అంటుకుని. అలలు వచ్చే చోట ఆ పెంకు జీవులు లేత కాండానికి అతుక్కుంటాయి. ఆ బరువుకి మొలక వంగిపోతుంది. అసలు ఆ మేట అంత ఖాళీగా ఎందుకు ఉందని మేమెవరం అడగలేదు. రోజులో ఎక్కువ సేపు నీళ్లలో మునిగి ఉండే చోటు కాబట్టి ఖాళీగా ఉంది. అక్కడ మడ బతికేదైతే మా కంటే ముందే మడే అక్కడికి వచ్చి ఉండేది.

రోజు కూడా తప్పే. జూన్ మొదటి వారం అంటే మన తీరంలో నేల ఉప్పు బాగా ముదిరి ఉండే కాలం. ఎండాకాలమంతా నీరు ఆవిరై ఉప్పు మిగిలి ఉంటుంది, ధవళేశ్వరం ఆనకట్ట దాటి వచ్చే గోదావరి మంచినీళ్లు వేసవిలో చాలా తక్కువ, వానలు ఇంకా నేలని కడగలేదు. లేత మొక్కని ఆ వారంలో పెట్టడం అంటే పసిపిల్లకి ఉప్పునీళ్లు పట్టడమే. వానలు పడి, గోదావరి ఎర్రనీరు వచ్చి, ఉప్పు దిగిన తర్వాత నాటాలి. క్యాలెండర్‌లో పర్యావరణ దినోత్సవం ఎప్పుడు ఉందన్నది మడకి తెలియదు కదా.

ఆ మార్చిలో చూడటానికి వెళ్లినప్పుడు నాతో పడవలో వచ్చిన పెద్దాయన ఒకాయన ఉన్నారు. పీతల వేట ఆయన పని. ఎండిన పుల్లల దగ్గర నేను నిలబడి ఉంటే, ఆయన మేట వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, మడకి లోపల తెల్లగా ఎండిన పర్ర వైపు చెయ్యి చూపించి, "అక్కడ చెయ్యాలండి మాస్టారూ పని. మా చిన్నప్పుడు అదంతా మడేనండి. కొట్టేశాక నేల కుంగిపోయింది. పున్నానికీ అమాసకీ నీళ్లెక్కుతాయి గానీ ఎనక్కి ఎల్లవండి. అయ్యి ఎల్లకపోతే సెట్టేం బతుకుద్ది?" అన్నారు. నేను వృక్షశాస్త్రం పాఠం చెప్పేవాణ్ని. ఆ మాట నా నోటి నుంచి రావలసింది.

ఆయన చెప్పినదాంట్లో ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు మడ అడవిని కలప కోసం కూపులుగా, అంటే ముక్కలుగా విడగొట్టి, వంతుల వారీగా నేలమట్టం చేసి నరికేవాళ్లు. నరికితే మళ్లీ పెరుగుతుందన్న నమ్మకంతో చేశారు. కొండ మీద అడవిలో కొంతవరకు అది నిజం. మడలో కాదు. నీడ పోగానే బురద మీద నేరుగా ఎండ పడుతుంది. తడి ఆరిపోయి నేల కుంగుతుంది, పళ్లెంలా గుంట పడుతుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు ఆ పళ్లెంలోకి నీళ్లు వస్తాయి. ఆటు వచ్చినా అంచు దాటి వెళ్లలేక అక్కడే ఉండిపోతాయి. ఎండకి ఆవిరవుతాయి. ఉప్పు మిగులుతుంది. మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒక మే నెలలో ఆ పర్రలో మూరెడు లోతు గుంట తీసి, ఊరిన నీటి చుక్క ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో పెట్టి చూస్తే గీత 80 దాటింది. తెల్లమడ చాలా ఓర్పు గల చెట్టు, ఆకుల మీదుగా ఉప్పుని బయటికి కక్కుకుని బతుకుతుంది. దానికి కూడా ఆ నేలలో మొలకెత్తే దారి లేదు.

దీనికి మందు కనిపెట్టింది మన పక్కనే, తమిళనాడులో పిచ్చావరం మడ అడవిలో. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్లు అక్కడ అటవీశాఖతో, ఊళ్లతో కలిసి కాలువలు తవ్వి చూశారు. 1990ల చివర్లో అదే పద్ధతి గోదావరి, కృష్ణా మొగలకి వచ్చింది. మన దగ్గర వన సంరక్షణ సమితులు, కోరింగ అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్లలో ఈడీసీలు, అంటే పర్యావరణ అభివృద్ధి కమిటీలు, ఆ పని చేశాయి. మట్లపాలెం, కొబ్బరిచెట్టుపేట లాంటి ఊళ్ల ఆడవాళ్లు, మగవాళ్లు పారలు పట్టుకుని బురదలో దిగి తవ్వారు. మెషీన్లు కాదు. మెషీన్ దిగితే అందులోనే కూరుకుపోతుంది.

కాలువ ఎలా ఉంటుందో చెప్తాను. మీలో వ్యవసాయం ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. పొలానికి పెద్ద బోదె ఒకటి, దాన్నుంచి పిల్ల బోదెలు ఉంటాయి కదా. ఇక్కడా అంతే. దగ్గర్లో ఉన్న ఏటి పాయ నుంచి పర్ర మధ్యకి ఒక పెద్ద కాలువ. దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు. పై నుంచి చూస్తే చేప వెన్నుముల్లులా ఉంటుంది, అందుకే చేపముల్లు కాలువలు అంటారు. కాలువ గోడ నిలువుగా ఉండకూడదు, పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉండాలి. మొక్కని అడుగున పెట్టరు, గట్టు మీదా పెట్టరు, ఆ వాలు మధ్యలో పెడతారు. అడుగున పెడితే మునిగిపోతుంది, గట్టు మీద ఎండిపోతుంది. వాలు మధ్యలో పోటు నీళ్లు తగిలి, ఆటుకి వెళ్లిపోతాయి. రోజుకి రెండుసార్లు నేల కడిగినట్టు అవుతుంది.

మన కాకినాడ దగ్గర పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య నీటి మట్టంలో తేడా సుమారు మీటరున్నర. అంతే ఉంది మనకి. కాబట్టి కాలువ అడుగు ఒక జానెడు అటూ ఇటూ అయితే నీళ్లు రావు, వచ్చినా పోవు. అందుకే తవ్వే ముందు కనీసం రెండు పున్నాలు, రెండు అమావాస్యలు అక్కడే ఉండి, నీళ్లు ఎక్కడిదాకా ఎక్కుతున్నాయో పుల్లలు పాతి గుర్తు పెట్టుకోవాలి. ఈ పుల్లల పని చూడటానికి ఏమీ ఉండదు, ఫొటోకి కూడా పనికిరాదు. నా లెక్కలో మొత్తం పనిలో దీనికంటే విలువైనది లేదు.

అమెరికాలో ఫ్లోరిడా తీరంలో రాబిన్ లూయిస్ అనే ఆయన జీవితమంతా మడ బాగు చేసే పని మీదే గడిపారు. కాలం మొత్తంలో సుమారు 30 శాతానికి మించి నీళ్లలో మునిగి ఉండే చోట మడ నిలవదని ఆయన గట్టిగా చెప్పేవారు. ముందు నీటి రాకపోకలు సరిచెయ్యండి, విత్తనాలు వాటంతట అవే కొట్టుకొస్తాయి, అప్పటికీ రాకపోతేనే నాటండి అనేవారు. పెద్దాయన చూపించిన పర్రలో మేం కాలువలు తవ్వాక అదే జరిగింది. కాలువ తవ్విన రెండో వానాకాలానికి, మొదట ఉప్పు నేలలో పెరిగే ఇలకూర వచ్చింది. ఎర్రగా, పచ్చగా చాప పరిచినట్టు. ఆ తర్వాత మేం నాటని చోట తెల్లమడ మొలకలు కనిపించాయి. చిక్కుడు గింజలాంటి విత్తనం, నీళ్లలో తేలుతూ వచ్చి గట్టుకి ఆగింది. ఆ రోజు పీతల పెద్దాయన వంగి ఆ మొలకని వేలితో తాకి, ఏమీ మాట్లాడకుండా పడవ దగ్గరికి వెళ్లిపోయారు. నాకు ఆ క్షణం ఇప్పటికీ కళ్లలో ఉంది.

నీళ్ల సంగతి చూడకుండా నాటితే ఏమవుతుందో శ్రీలంక చెప్తుంది. 2004 సునామీ తర్వాత అక్కడ మడ నాటడానికి డబ్బు వెల్లువలా వచ్చింది. ఏళ్ల తర్వాత పరిశోధకులు 23 చోట్లకి వెళ్లి చూస్తే, 9 చోట్ల ఒక్క మొక్క కూడా బతికి లేదు. నాటింది 1,000 నుంచి 1,200 హెక్టార్లు, నిలిచింది 200 చిల్లర. అక్కడ నాటినవాళ్లు మన కంటే తక్కువ మనసు పెట్టారని నేను అనుకోను. నేను జూన్ 5న చేసిన తప్పే అక్కడా జరిగింది, పెద్ద ఎత్తున.

ఇక మీ సంగతి. కాలువ తవ్విన ఏడాది అందరూ వస్తారు. పేపర్ వాళ్లు వస్తారు. రెండో ఏడు కాలువలో పూడిక పడుతుంది. గోదావరి వరద తెచ్చే ఒండ్రు మనకి వరమే, కానీ పిల్ల కాలువ నోట్లో అది నాలుగు వేళ్ల మందం పేరుకుంటే చాలు, వెనకాల ఉన్న మొక్కలన్నీ మళ్లీ నిలవనీటిలో ఉండిపోతాయి. ప్రతి ఏడూ ఎవరో ఒకరు వచ్చి ఆ పూడిక తియ్యాలి. మూడేళ్లు, నాలుగేళ్లు, మొక్క నడుం ఎత్తు పెరిగేదాకా. ప్రాజెక్టులకి ఆ ఓపిక ఉండదు, వాటికి గడువు తేదీ ఉంటుంది. మీలాంటి వాళ్ల అవసరం అక్కడే వస్తుంది. మొక్క నాటడానికి వంద మంది దొరుకుతారు. పూడిక తియ్యడానికి రెండో ఏడు వచ్చే పదిమంది కోసం నేను వెతుకుతున్నాను.

ఇంకో మాట, కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. వలంటీర్ అనే మాట మీకు సరిపోతుంది, మీకు ఇంట్లో భోజనం ఉంది, సెలవు రోజు ఉంది. మడ ఒడ్డున బతికే అక్కకి ఆ రోజు బురదలో దిగి పీతలు పట్టకపోతే రాత్రికి కూర లేదు. ఆమెను కూడా 'సేవ' పేరుతో ఉచితంగా పార పట్టమనడం నాకు ఇష్టం లేదు. కూలి ఇవ్వాలి, సమయానికి ఇవ్వాలి. ఒకసారి మాకు డబ్బు ఇస్తామన్న చోట నుంచి మూడు నెలలు ఆలస్యమైంది. ఆ మూడు నెలలూ నేను ఆ ఊళ్లో తలెత్తుకు నడవలేకపోయాను. అప్పటి నుంచి కూలి డబ్బు చేతిలో పెట్టుకున్నాకే పని మొదలుపెడుతున్నాం. అలాగే గేదెల విషయం. మడ ఆకు గేదెలకి ఇష్టం, పాలు బాగా ఇస్తాయంటారు. లేత మొక్కల్లోకి గేదెలు వస్తే ఒక్క పూటలో పోతుంది అంతా. కంచె వేసి తగాదా పెట్టుకోవచ్చు, లేదా ఊరివాళ్లతో కూర్చుని ఏ వైపు మేపాలి, ఏ వైపు మూడేళ్లు వదిలెయ్యాలి అని మాట్లాడుకోవచ్చు. మేం రెండూ చేశాం. కంచె కర్రలు పొయ్యిలోకి వెళ్లిపోయాయి. మాట నిలిచింది.

ప్రతి ఖాళీ బురదనీ మడతో నింపాలన్న ఆత్రం కూడా వద్దు. కాకినాడ అఖాతంలో ఆటుకి బయటపడే బురద మైదానాలు ఉన్నాయి. శీతాకాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే పొడుగు ముక్కు పక్షులకి అది అన్నం పళ్లెం. నీటి మీద కింది ముక్కు ఆనించి గీత గీసినట్టు దూసుకుపోయే స్కిమ్మర్ పక్షిని మీలో ఎవరైనా చూశారా? ప్రపంచంలో బాగా తగ్గిపోయిన పక్షి, చలికాలంలో మన దగ్గర కనిపిస్తుంది. దానికి చెట్లు వద్దు, ఖాళీ ఇసుక మేట కావాలి. ఇలకూర పరిచిన ఉప్పు నేల కూడా అంతే, దానికదే ఒక లోకం. అక్కడ చెట్టు లేదని జాలి పడి నాటకండి. ఒకప్పుడు మడ ఉండి పోయిన చోటే మన పని.

తుఫాను గురించి అడుగుతారని తెలుసు. 1977 నవంబర్ 19న దివిసీమలో ఏం జరిగిందో మీ తాతయ్యలు, అమ్మమ్మలు చెప్పే ఉంటారు. 1996 నవంబర్ 6 తుఫాను మన జిల్లా మీదే విరుచుకుపడింది. వెయ్యి మందికి పైగా పోయారు, భైరవపాలెం వైపు వేటకి వెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. మడ వెనక ఉన్న ఊళ్ల పెద్దలు మాత్రం, గాలిని, కెరటాన్ని మడ ఆపింది కాబట్టి ఉన్నాం అంటారు. ఇది ఉత్త నమ్మకం కాదు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ మీద కేంద్రపడ జిల్లాలో చేసిన అధ్యయనంలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పు ఎక్కువ ఉన్న ఊళ్లలో తక్కువ మంది చనిపోయారని తేలింది. అయినా మీకు ఒకటి చెప్పాలి. మడ ఉందని తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు కదలకుండా కూర్చోకూడదు. మడ కెరటం బలం తగ్గిస్తుంది. మనిషిని షెల్టర్‌కి తీసుకెళ్లాల్సింది మనిషే.

ఇప్పుడు ఇసుక దగ్గరికి వద్దాం. ఇసుక దిబ్బ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మడని కనీసం అడవి అంటారు. దిబ్బని 'ఖాళీ స్థలం' అంటారు. ట్రాక్టర్ వచ్చి తవ్వుకుపోతుంది, లేదంటే చదును చేసి రిసార్టు కడతారు. అసలు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, మనం సీఆర్‌జెడ్ అనేవి, 1991లో వచ్చాయి. ఇప్పుడు అమల్లో ఉన్న 2019 నోటిఫికేషన్‌లో మడ అడవులు, ఉప్పు చిత్తడి నేలలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు ఏ అగ్ర రక్షణ వర్గంలో ఉన్నాయో, ఇసుక దిబ్బలు కూడా అందులోనే ఉన్నాయి. ఈ విషయం తీరంలో ఉండేవాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

దిబ్బ ఏం చేస్తుంది? తుఫాను కెరటం వచ్చి ఇసుకని సముద్రంలోకి లాక్కుపోతుంది. సముద్రం నెమ్మదించాక చిన్న అలలు ఆ ఇసుకలో చాలావరకు ఒడ్డుకి తెచ్చి పడేస్తాయి, గాలి దాన్ని మళ్లీ దిబ్బగా పోస్తుంది. అంటే సముద్రానికి అప్పు ఇచ్చి మళ్లీ తీసుకునే గాదె లాంటిది. గాదె తీసేసి అక్కడ రాతి గోడ కడితే అప్పు ఇవ్వడానికి ఏమీ ఉండదు. గోడ తాకి వెనక్కి వెళ్లే కెరటం గోడ ముందు ఇసుకనే కోసుకుపోతుంది. సముద్రం కోసుకుపోతున్న ఉప్పాడ రోడ్డు మీద వెళ్లినవాళ్లకి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. అక్కడ కోతకి కారణాలు చాలా ఉన్నాయి, దిబ్బ ఒక్కటే ఉంటే ఆగిపోయేదని నేను అనను. కానీ దిబ్బ ఇంకా మిగిలిన ఊళ్లని ఉప్పాడ దారిలో పంపకూడదు.

ఇంకోటి ఉంది, ఇది నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. సముద్రానికి వంద అడుగుల దూరంలో ఇసుకలో చెలమ తీస్తే తియ్యటి నీళ్లు వస్తాయి. చిన్నప్పుడు తాగిన వాళ్లు మీ ఇళ్లలో ఉంటారు, అడగండి. వాన నీళ్లు దిబ్బలో ఇంకి, ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతూ నిలుస్తాయి. సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీళ్లు నిలిస్తే, లెక్క ప్రకారం కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా ఉప్పునీటిని అవి అదిమి ఉంచుతాయి. దిబ్బ ఒక మీటరు తవ్వేస్తే పోయేది ఒక మీటరు ఇసుక ఒక్కటే కాదు. బోరు నీళ్లు ఉప్పగా మారాయని ఊరు ఏడ్చేటప్పుడు ఆ ట్రాక్టర్ లోడ్లు ఎవరికీ గుర్తు రావు.

ఇసుకని పట్టి ఉంచేవి రెండు. బాలబంద తీగ ఒకటి, ఆకు మేక డెక్కలా రెండుగా చీలి ఉంటుంది, ఊదా రంగు పూలు. కణుపు కణుపుకీ వేరు దింపుకుంటూ సముద్రం వైపు పాకుతుంది. రెండోది రావణాసురుడి మీసాలు. ముళ్ల గడ్డి. దాని గింజల బంతి ఎండాక గాలికి ఊడిపోయి చక్రంలా దొర్లుకుంటూ పోతుంది. దాని వెంట పరిగెత్తని పిల్లలు తీరంలో ఉండరు. ఆ దొర్లుడు ఎక్కడ ఆగితే అక్కడ ఇంకో గడ్డి దుబ్బు, దాని చుట్టూ పిడికెడు ఇసుక, తర్వాత తట్టెడు, తర్వాత దిబ్బ. వాటి వెనక మొగలి పొదలు, ఇంకా వెనక తాటిచెట్లు. తీరం తనకి తానే వేసుకున్న వరస అది.

దాని మధ్యలో మనం సరుగుడు తోట వేశాం. 1977 తర్వాత గాలికి అడ్డుగా తీరమంతా వేశారు. ఆ విపత్తు చూసినవాళ్లు చేసిన పని, దాన్ని నేను తప్పు పట్టను. సరుగుడు మీద బతికే కుటుంబాలు కూడా ఉన్నాయి. కానీ అది మన తీరం చెట్టు కాదు. దాని సూది ఆకు దట్టంగా రాలి, కింద తీగ గానీ గడ్డి గానీ పెరగనివ్వదు. అల గీత దాకా తెచ్చి నాటితే తాబేలుకి చోటు ఉండదు. ఆలివ్ రిడ్లీ తాబేలు ఈ జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఒడ్డెక్కి, మెత్తటి ఇసుకలో గుంట తీసి వంద పై చిలుకు గుడ్లు పెడుతుంది. మన ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ మీద కూడా పెడుతుంది. వేళ్లు అడ్డం వస్తే తవ్వలేక వెనక్కి వెళ్లిపోతుంది. ఉన్న సరుగుడు కొట్టెయ్యమని నేను చెప్పడం లేదు. పంట కోసి మళ్లీ నాటేటప్పుడు, పెద్ద పోటు గీత నుంచి ఒక యాభై మీటర్లు తీగకీ, గడ్డికీ, తాబేలుకీ వదిలెయ్యమని రైతుల్ని, అటవీశాఖవాళ్లని అడుగుతున్నాం. కొందరు వదిలారు కూడా.

దిబ్బ పనిలో మీరు చేసేది చాలా సులువు, అందుకే చాలామంది నమ్మరు. తాటాకు దడి కట్టాలి. మోకాలెత్తు చాలు, గాలికి అడ్డంగా. దడి ఒత్తుగా ఉండకూడదు, సందులు ఉండాలి. సందుల్లోంచి వెళ్లే గాలి వేగం తగ్గి మోసుకొచ్చిన ఇసుకని అక్కడే దించేస్తుంది. ఒత్తుగా కడితే గాలి పైనుంచి దూకి దడి పాదాన్నే తవ్వేస్తుంది. ఇసుక కొంచెం పేరుకున్నాక, వాన మొదలయ్యే వేళకి బాలబంద తీగ ముక్కలు మూడు కణుపులు ఉండేలా కోసి, రెండు కణుపులు ఇసుకలోకి వెళ్లేలా పూడ్చాలి. తీగ బలంగా ఉన్న చోటి నుంచే కొయ్యాలి, అదీ ఒకే చోట కాకుండా. ఆ తర్వాత మీ పని నడవకపోవడం. నిజంగానే. మనుషులు అడ్డదిడ్డంగా నడిచిన చోట, బైకులు ఎక్కిన చోట తీగ నలిగి చస్తుంది, ఆ గాడిలోంచి గాలి దూరి దిబ్బని రెండుగా కోస్తుంది. అందుకే పడవలకి వెళ్లే దారి ఎక్కడ ఉండాలో ముందు జాలర్లనే అడిగి, ఆ ఒక్క దారి వదిలి, మిగతా చోట దడి కట్టాం. మాకు తోచిన చోట దారి పెట్టిన మొదటి ఏడు దడి వారం కూడా నిలవలేదు. వాళ్ల వలలు మోసుకెళ్లే దారికి మేమే అడ్డం కట్టాం కదా.

ఈ పనితో అంతా బాగైపోతుందని చెప్పి మిమ్మల్ని తీసుకెళ్లను. పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతోంది, డెల్టాకి రావలసిన మట్టి రావడం లేదు. కృష్ణ వైపు మరీ తక్కువ. రొయ్యల చెరువులు తీరం పొడుగునా ఉన్నాయి. సీఆర్‌జెడ్‌లో వాటి గురించి సుప్రీంకోర్టు 1996 డిసెంబర్‌లోనే గట్టి తీర్పు ఇచ్చింది, ఆ తర్వాత కూడా మడ పక్కనే కొత్త గట్లు లేవడం నా కళ్లతో చూశాను. అవి పారతో తీరే విషయాలు కావు, వాటికి గొంతు కావాలి. కానీ రెండేళ్లు బురదలో దిగినవాడి గొంతుకీ, దిగనివాడి గొంతుకీ తేడా ఉంటుంది. గ్రామసభలో ఏ సర్వే నంబరులో నీళ్లు ఎటు పారతాయో చెప్పగలిగినవాణ్ని కూర్చోమనడం కష్టం.

ఒక చీటీ వచ్చింది. 'ఆడపిల్లలు బురదలో దిగగలరా, పాములు ఉంటాయా' అని. ఇక్కడ చేపముల్లు కాలువలు తవ్వినవాళ్లలో ఎంతోమంది ఆడవాళ్లేనమ్మా. పాములు ఉంటాయి, వాటి దారిన అవి పోతాయి. బావురుపిల్లి, నీటికుక్క కూడా ఉంటాయి, కనిపిస్తే అదృష్టం. అసలు జాగ్రత్త గుల్లలతో. ఆల్చిప్ప అంచు బ్లేడులా కోస్తుంది.

ఇంకో చీటీ, 'సర్టిఫికెట్ ఇస్తారా' అని. ఇస్తాం, రెండో ఏడు వచ్చినవాళ్లకి.

సరే, ఏర్పాట్లు చెప్తాను, రాసుకోండి. ఫిబ్రవరిలో అమావాస్య తర్వాతి ఆదివారం మొదటి పని, పాత కాలువల పూడికతీత. ఆటు పొద్దున్నే ఉంటే తెల్లవారక ముందే బయల్దేరాలి, వేళ ముందు రోజు చెప్తాను. పోటు తిరిగేలోపు బయటికి వచ్చెయ్యాలి. బూట్లు వద్దు, బురద లాగేసుకుంటుంది. పాత కాన్వాస్ జోళ్లు, తాడుతో పాదానికి బిగించి కట్టుకోండి. పొడుగు చేతుల చొక్కా, టోపీ, ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ కవర్లలో ఏమీ తేవద్దు. భోజనం ఊళ్లో వండుతున్నారు, చేపల పులుసు, తినని వాళ్లు ముందే చెప్పండి. ఒక్కో గుంపుకి ఊరి మనిషి ఒకరు ఉంటారు, ఆయన గానీ ఆవిడ గానీ 'పైకి రండి' అంటే ఆ క్షణమే పైకి రావాలి, నేను ఆగమన్నా సరే. పారలు ఇరవై ఉన్నాయి, మీరు యాభై మంది ఉన్నారు. ఇంట్లో పార ఉన్నవాళ్లు ఇప్పుడు చేతులు ఎత్తండి.